పురుగుల కంపెనీలో పోశవ్వ

మా క్వార్టర్ల వరసలో పాలవాడు ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చేది పోశవ్వ గుమ్మం ముందే. గిన్నెలో పోసిన పాలలోంచి ఒక చుక్క తీసి గోటి మీద వేసుకుని, అది జారే తీరు చూసి, ఆ తర్వాత అతని ముఖంలోకి కూడా ఓసారి చూసి గానీ ఆమె లోపలికి వెళ్లేది కాదు. కందిపప్పు కొంటే కొట్టు ముందే చేటలో పోసి చెరిగేది. దవాఖానలో మాత్రలిస్తే, "పోయినపారి ఇచ్చినయి తెల్లగుండె, ఇవి పచ్చగెందుకున్నయ్?" అని కిటికీ దగ్గర నిలదీసేది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నా కదిలేది కాదు. గోదావరిఖనిలో మా కాలనీ అంతా ఆమెను అనుమానాల పోశవ్వ అనేది. ముఖం మీదే అన్నా నొచ్చుకునేది కాదు.

ఎందుకిలా తయారైందో నేను చెప్పలేను. చిన్నప్పుడు ఎవరో మోసం చేశారని ఒక కథ ఉంటే బాగుండేది గానీ, అలాంటిదేమీ లేదు. కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో రైతు ఇంట్లో పుట్టింది. బిక్షాన్ని పెళ్లి చేసుకుని బొగ్గుబాయిల ఊరికి వచ్చింది. బిక్షం దేన్నైనా నవ్వుతూ తీసుకునే మనిషి. భూమి కింద పనిచేసేవాడికి ఉండాల్సిన జాగ్రత్తంతా ఇంట్లో ఉన్న పెండ్లానికి అప్పజెప్పి వస్తాడని అతని దోస్తులు ఎగతాళి చేసేవాళ్లు.

రెండు వేల ఎనిమిదిలో పెద్దపల్లి వెళ్లే దారిలో ఒక కంపెనీ వచ్చింది. పొడవాటి రేకుల షెడ్డు, దాని వెనక ఎండకు మెరిసే స్టీలు ట్యాంకులు, చుట్టూ ఎత్తైన గోడ. యజమానులు కోస్తా వాళ్లు. గేటు మీద ఎంజైములని రాసి ఉండేది. ఆ మాటకు అర్థమేమిటో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. లోపల ట్యాంకులు బిగించి వచ్చిన వెల్డర్ ఒకడు, "వాటిల పురుగులను పెంచుతరట" అని చెప్పాడు. అంతే, పేరు పడిపోయింది. పురుగుల కంపెనీ.

కొన్నాళ్లకు ప్యాకింగుకు ఆడవాళ్లు కావాలన్న కబురు కాలనీకి వచ్చింది. చాలామంది భయపడ్డారు. పోశవ్వ మర్నాడు పొద్దున్నే ముస్తాబై బయలుదేరింది. పిల్లలిద్దరూ చదువులకని కరీంనగర్‌లో ఉన్నారు. పగలంతా ఇల్లు ఖాళీ.

బిక్షం ఆశ్చర్యపోయాడు. "అందరికన్న ఎక్కువ అనుమానం నీకే గదనే. మళ్ల నువ్వెందుకు పోతున్నవ్?"

"అనుమానమున్నదనే పోతున్న. గోడ బయట నిలబడి సూస్తె ఏం కనవడ్తది?" అంది పోశవ్వ.

కంపెనీలో ల్యాబు చూసేది సుప్రజ అనే అమ్మాయి. ఆమె తండ్రి శ్రీనివాసరావు గారు కరెంటు ప్లాంటులో ఇంజనీరు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవారు. సుప్రజ పెరిగింది జ్యోతినగర్ క్వార్టర్లలోనే. హైదరాబాదులో బయోటెక్నాలజీ చదివి తిరిగి వచ్చింది. కొత్తగా చేరిన ఆరుగురు ఆడవాళ్లనూ ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లి ఓపికగా చెప్పింది.

"మగ్గం మీద నేసేటప్పుడు దారం తెగకుండా గంజి పెడతారు కదా. తర్వాత రంగు వేయాలంటే ఆ గంజి పోవాలి. ఇన్నాళ్లూ ఘాటైన మందులు పోసి, గంటలు గంటలు ఉడికించి తీసేవాళ్లు. ఆ నీళ్లన్నీ కాలువల్లోకి పోయేవి. ఇప్పుడు ఈ ట్యాంకుల్లో ఒక బాక్టీరియా ఉంది. మట్టిలో ఉండేదే. దానికి నూకల జావ పోసి పెంచుతాం. అది ఎంజైము అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దాన్ని వడగట్టి, ఆరబెట్టి పొడి చేస్తాం. గోరువెచ్చటి నీళ్లలో కాస్త వేస్తే చాలు, గంజి కరిగిపోతుంది."

"గంజిని తింటదా?" అంది పోశవ్వ.

"తినడమంటే... ముక్కలు చేస్తుంది."

"మరి బట్టను?"

"బట్టను ముట్టుకోదు. గంజి ఒక్కటే."

"గది గంజి, గిది బట్ట అని దానికెట్ల ఎరుక?"

సుప్రజ నవ్వింది. తాళం, తాళంచెవి ఉదాహరణ చెప్పింది. ఒక చెవికి ఒకే తాళం వస్తుంది కదా, అలాగే ఇదీ అంది. పోశవ్వకు మారుతాళంచెవులు గుర్తుకొచ్చాయి గానీ పైకి అనలేదు. ఇంకో ప్రశ్న వేసింది.

"మట్టిల ఉండేదే అన్నరు. మట్టిలకెల్లి తెచ్చిందే పోసిండ్రా?"

సుప్రజ ఒక్క క్షణం ఆగింది. "మట్టిలోది చాలా కొద్దిగా చేస్తుంది. అందుకని శాస్త్రవేత్తలు దాని లోపల చిన్న మార్పు చేశారు. ఎక్కువ చేసేలా."

"అంటే పుట్టుకతోని రాని గుణం పెట్టిండ్రు."

"ఒక రకంగా అంతే. కానీ అది ఈ ట్యాంకులో తప్ప బయట బతకలేదు. మన పని అయ్యాక వేడి ఆవిరితో చంపేస్తాం. పొడిలో అది ఉండదు."

ఆ రోజు సాయంత్రం పోశవ్వ మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పి, చివరికి అంది: "పిల్ల మంచిదే. గని నేనడిగినప్పుడు జెరసేపు ఆగింది. ఎందుకాగిందో ఏమో."

పని కష్టమైనది కాదు. పైనుంచి గొట్టంలో దిగే పొడిని సంచుల్లో నింపి, తూకం చూసి, మూతి కుట్టడం. లేత గోధుమరంగు పొడి, పిండికంటే సన్నం. నానబెట్టిన తవుడు వాసన వేసేది. ముక్కుకు బట్ట కట్టుకోమన్నారు. ఉక్కపోతకు ఆడవాళ్లు దాన్ని గడ్డం కిందికి జార్చేవాళ్లు. పోశవ్వ ఒక్కతే కళ్ల దాకా కట్టుకునేది. లోపల నీళ్లు తాగేది కాదు, అన్నం డబ్బా విప్పేది కాదు. పక్కన పనిచేసే సారవ్వ, "ఓ పోశక్క, నువ్వు గాలి పీల్చుడు గూడ బంద్ పెట్టేటట్టున్నవ్" అని నవ్వేది.

ఒకరోజు ఆమె చీర కొంగులో చిటికెడు పొడి ముడి వేసుకుని ఇంటికి తెచ్చింది. అన్నం వార్చిన గంజి గోరువెచ్చగా ఉన్నప్పుడు అందులో వేసి కలిపింది. మా అందరినీ పిలిచింది. చిక్కటి గంజి మేము చూస్తుండగానే పలచబడుతూ పోయి, కాసేపటికి బియ్యం కడిగిన నీళ్లలా అయిపోయింది. గరిటెతో ఎత్తి పోస్తే బొట్లు బొట్లుగా కాదు, ధారగా పడింది.

మాకు అది తమాషాగా ఉంది. పోశవ్వ ముఖం మాత్రం పాలిపోయింది. "మన కడుపుల ఉన్నది గూడ గంజే గద" అంది.

మర్నాడు సుప్రజను అడిగిందట. కడుపులో అన్నం అరిగేది కూడా ఇలాంటి పదార్థాల వల్లనే, మన ఉమ్మిలోనే ఒకటి ఉంది, అన్నం మెతుకు బాగా నమిలి చూడు, తియ్యగా అవుతుంది అని చెప్పిందామె. పోశవ్వ ఇంటికొచ్చి ఒక్క ముద్దను ఎంతసేపు నమిలిందో బిక్షం మాకు నటించి చూపించాడు. తియ్యగానే అయిందని ఒప్పుకుంది. అయినా ఆ గంజిని మొక్కలకు కూడా పోయనివ్వలేదు, రోడ్డవతల పారబోసి వచ్చింది.

రెండు వేల పది వేసవిలో ఆమె నోటి వల్ల ఒక గొడవ జరిగింది. కంపెనీ వెనక గూడెంలో ఐలవ్వ అనే ఆమె బర్రె చచ్చిపోయింది. అది కంపెనీ కాలువ గట్టున మేసేది. పోశవ్వ ఆ దారినే వస్తూ చూసి, "కాలువల పురుగు గిట్ల వచ్చిందేమో సూడుండ్రి" అంది. అన్నది ఆ ఒక్క మాటే. మరునాటికి గూడెమంతా కంపెనీ గేటు ముందు కూర్చుంది. చెరువు చేపలు కూడా చచ్చాయన్నారు, పిల్లలకు వాంతులన్నారు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఆంధ్రోళ్ల కంపెనీ మన నీళ్లలో విషం కలుపుతోందన్న మాట చౌరస్తా దాకా పాకింది.

మేనేజరు రాంప్రసాద్ గేటు మూయించి లోపల కూర్చున్నాడు. సుప్రజ మాత్రం బయటికి వచ్చింది. కాలువ నీళ్లను జనం ముందే సీసాల్లో పట్టి, ఒకటి తన దగ్గర, ఒకటి గూడెం పెద్దమనిషి దగ్గర పెట్టింది. నీళ్లలో కంపెనీ బాక్టీరియా లేదని తేలింది. పశువుల డాక్టరు వచ్చి చూస్తే, మక్కచేనుకు కొట్టిన మందు డబ్బాలు కడిగిన కుంటలో బర్రె నీళ్లు తాగిందని తెలిసింది. చెరువులో చేపలు చావనే లేదు.

పోశవ్వ ఐలవ్వ ఇంటికెళ్లి, "నా నోటికచ్చిన మాట తప్పయింది చెల్లె" అని చెప్పి వచ్చింది. అందుకు నేను ఆమెను మెచ్చుకున్నాను. కానీ దానివల్ల ఇంకోటి జరిగింది. ఆ తర్వాత ఆమె ఏమన్నా ఎవరూ పట్టించుకోవడం మానేశారు. రాంప్రసాద్ అయితే ఆమెను ఎవరో కావాలనే లోపలికి పంపించారని గట్టిగా నమ్మాడు. ఆమె సంచి కుడుతుంటే వచ్చి వెనక నిలబడేవాడు. ఈమె అతన్ని అనుమానంగా చూసేది, అతను ఈమెను.

ఆ చలికాలంలో పోశవ్వకు దగ్గు పట్టుకుంది.

మొదట అది వచ్చీపోయే దగ్గులాగే ఉండేది. తర్వాత సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక ఛాతీ బిగుసుకుని, ఊపిరి తీస్తే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వచ్చేది. మా కాలనీలో దగ్గు అనేది వార్త కాదు. బాయిలో దిగిన ప్రతి మగవాడూ దగ్గుతాడు. బిక్షం ఇరవై ఏళ్లుగా దగ్గుతున్నాడు. అందుకని అందరూ ఒకటే మాట: దుమ్ము. డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు.

"ఈ ఊళ్లో అందరికీ ఉంటుందమ్మా. బొగ్గు దుమ్ము, బూడిద."

"నేను బాయిల ఎన్నడన్న దిగిన్నా సారూ?" అంది పోశవ్వ. "ఇరవై ఏండ్ల సంది ఈ దుమ్ములనే ఉంటున్న. ఇప్పుడే ఎందుకచ్చింది?"

డాక్టరు మందు రాసిచ్చాడు. ఆమె రంగు చూసి మింగింది. రెండు రోజులు బాగుండేది, మళ్లీ వచ్చేది.

ఇక ఆమెకు నిద్ర పట్టనివ్వని ఆలోచన ఒకటే: పురుగు తన ఛాతీలో చేరింది. గంజి దొరికితే బతుకుతుంది కదా, తను రోజూ అన్నమే కదా తింటోంది. అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నది కొన్నాళ్లు. అందులోనూ గంజి ఉంటుందని ఎవరో చెబితే రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయిందట.

కంపెనీలో ఆమె దగ్గు విని ఆడవాళ్లు టీబీ అనుకున్నారు. బయట టీ తాగే చోట ఆమె గ్లాసు వేరే పెట్టారు. సారవ్వ కూడా దూరంగా జరిగి కూర్చుంది. పోశవ్వకు వింతగా తోచిందేమిటంటే, అలా జరిగి కూర్చున్న సారవ్వ మధ్యమధ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పరుగెత్తేది.

"సారవ్వా, నీకు గూడ దమ్ము వస్తలేదా?"

"నాకేం లేదు. పొద్దుగాల పొగచూరిన వంటింట్ల ఉంటే దగ్గు రాదా?" సారవ్వ కళ్లలోకి చూడకుండా జవాబిచ్చింది.

ఇంకోటి కూడా గమనించింది పోశవ్వ. సుప్రజ ప్యాకింగు గదిలోకి రాదు. అద్దం అవతలి నుంచే చూసి సైగలు చేస్తుంది. ఒకసారి ఏదో మిషను ఆగిపోతే తప్పక లోపలికి వచ్చి, రెండు నిమిషాలు కాకముందే చేతిరుమాలు ముక్కుకు అదుముకుని, కళ్లు ఎర్రగా చేసుకుని బయటికి వెళ్లిపోయింది. పోశవ్వకు అది చాలు. ఆ పిల్లకు సంగతి తెలుసు. తెలిసి దాస్తోంది.

ఆ మాట బిక్షంతో అంటే, అతను మొదటిసారి నవ్వకుండా అన్నాడు. "బర్రె ముచ్చట యాది పెట్టుకో. ఇంకో పారి నోరు జారితే కాలనీల తలెత్తుకోలేం."

పోశవ్వ నోరు మూసుకుంది. నెలల తరబడి అలాగే పనికి వెళ్లింది. మానేయొచ్చు కదా అని నేనడిగాను. "మానేస్తె నేను ఓడిపోయి పోయినట్టే గద. అసలు ముచ్చట తెలువకుంట ఎట్ల మానేస్త?" అంది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు ఆగాయి. బస్సులు తిరగలేదు, బడులు తెరవలేదు. కంపెనీ గేటుకు తాళం పడింది. చౌరస్తాలో టెంటు వేసి కార్మికులు కూర్చున్నారు, మేము ఆడవాళ్లమంతా పగలు అక్కడే. బతుకమ్మ పండుగ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. టెంటు ముందే తంగేడు, గునుగు పూలు పేర్చి ఆడాం. రోడ్డంతా మట్టి. వందలమంది అడుగులకు ఎర్రటి దుమ్ము మోకాళ్ల ఎత్తు లేచింది. పోశవ్వ వలయంలో తిరుగుతూ, వంగి చప్పట్లు కొడుతూ, గొంతెత్తి పాడింది. ఆట ఆగాక నా పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుని ఒక్కసారిగా స్తంభించిపోయింది.

"ఏమైంది వదినా?" అన్నాను.

"దమ్ము మంచిగ వస్తున్నది" అంది మెల్లగా. "ఇంత దుమ్ముల ఆడిన. ఈల లేదు. దగ్గు లేదు."

ఆలోచిస్తే చాలా రోజులుగా లేదు. ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు. సమ్మె సాగినన్నాళ్లూ రాలేదు. ఆమె దాన్ని కూడా నమ్మలేదు, రోజూ పొద్దున లేచి గట్టిగా ఊపిరి తీసి వదిలి చూసుకునేది.

సమ్మె ముగిసింది. కంపెనీ తెరిచారు. పోశవ్వ పొద్దున ఎక్కిన డ్యూటీ సాయంత్రం దిగేసరికి మనిషి వంగిపోయింది. ఇంటికి రాకముందే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. ముక్కుకు గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టించారు. ఊపిరి కుదుటపడ్డాక ఆమె బిక్షంతో అన్న మొదటి మాట: "పురుగు కాదు."

"ఏం పురుగు?"

"నా ఛాతిల పురుగు ఉన్నదనుకున్న గద. ఉంటే సమ్మె రోజులల్ల ఎటు పోయింది? లోపల బతికేది సెలవు తీసుకోదు. ఇది ఆ ప్యాకింగు అర్రల ఉన్నది."

ఆదివారం ఆమె జ్యోతినగర్ వెళ్లింది. బిక్షం తోడు వెళ్లాడు, కానీ గేటు బయటే నిలబడ్డాడు. తలుపు తీసింది సుప్రజ తల్లి చంద్రమతి గారు. సమ్మె వేడి ఇంకా చల్లారలేదు, ఎవరు ఎందుకు వచ్చినా భయంగా ఉన్న రోజులు. ఆవిడ తలుపు సగమే తెరిచి, "ఎవరు మీరు? మీ వెంట ఎంతమంది వచ్చారు?" అని అడిగింది.

"నేనొక్కదాన్నే అమ్మా. మీ బిడ్డతోని మాట్లాడాలె."

సుప్రజ వచ్చి లోపలికి పిలిచింది. పోశవ్వ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే సూటిగా అడిగింది. "మేడం, మీరు ప్యాకింగు అర్రలకు ఎందుకు రారు?"

సుప్రజ తడబడింది. "నాకు అక్కడ తుమ్ములొస్తాయి. కళ్లు దురద. చిన్నప్పటి నుంచి నాకు ఈ కరెంటు ప్లాంటు బూడిద పడదు..."

"మీ ల్యాబుల బూడిద రాదా?"

పోశవ్వ తన దగ్గు ఎప్పుడు మొదలైందో, సమ్మెలో ఎలా పోయిందో, మళ్లీ ఎలా వచ్చిందో చెప్పింది. సారవ్వ బాత్రూము సంగతి కూడా చెప్పింది. వింటూ వింటూ సుప్రజ మధ్యలో అడ్డుపడింది.

"సమ్మె రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదా అక్కా?"

"ఒక్కపారి రాలె."

"నేను చదివాను ఇది" అంది సుప్రజ. "ఎంజైము అంటే ప్రొటీను. సన్నటి పొడి, బట్ట కట్టుకున్నా సరే, రోజూ ఊపిరితో లోపలికి పోతే, కొందరి ఒళ్లు దాన్ని శత్రువు అనుకుంటుంది. ఒకసారి అనుకున్నాక చిటికెడు తగిలినా తిరగబడుతుంది. ఎప్పుడో వేరే దేశాల్లో, బట్టల సబ్బు పొడి చేసే ఫ్యాక్టరీల్లో చాలామందికి ఇలాగే అయింది. నేను బాక్టీరియా బయటికి పోకుండా చూసుకోవాలనే ధ్యాసలో ఉన్నాను. పొడి సంగతి నాకు తట్టలేదు. నా కళ్లు మండుతున్నా తట్టలేదు."

"అంటే పురుగుది తప్పు లేదా?"

"పురుగు చచ్చాకే పొడి అవుతుంది. దాని తప్పేం లేదు."

పోశవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "మీరు చెప్పిన ముచ్చట మంచిగనే ఉన్నది. గని నేను నమ్మాలంటే కంటికి కనవడాలె" అంది.

అలా కరీంనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. సుప్రజ, పోశవ్వ, బిక్షం. సారవ్వ మొదట రానంది. పోశవ్వ ఆమెతో ఏం మాట్లాడిందో తెలియదు గానీ బస్సు కదిలే ముందు వచ్చి ఎక్కింది. బస్సు పెద్దపల్లి దాటకముందే ఏడుస్తూ చెప్పేసింది, తనకూ ఏడాదిగా ఇదే బాధ అని, చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడ్డానని.

డాక్టరు చేసే పరీక్ష చిన్నదే. సుప్రజ తెచ్చిన పొడిని నీళ్లలో కలిపి, ఒక చుక్క చేతి మీద వేసి, సన్నటి సూదితో చర్మాన్ని కాస్త గీకుతాడు. పడని ఒంటికి అక్కడ దద్దురు లేస్తుంది. పక్కనే ఉత్త ఉప్పునీళ్ల చుక్కతో కూడా అలాగే చేస్తాడు, పోల్చి చూడటానికి.

ఇదంతా విని పోశవ్వ ఆ నీళ్లున్న రెండు సీసాలనూ తీసుకుని తలుపు బయటికి వెళ్లింది. కాసేపటికి వచ్చింది. రెంటికీ ఉన్న చీటీలు పీకేసి, ఒకదాని మెడకు దారం కట్టి తెచ్చింది. "ఏది ఏదో ఇప్పుడు నాకొక్కదానికే ఎరుక. పెట్టుండ్రి" అంది. డాక్టరు సుప్రజ వైపు చూశాడు. సుప్రజ నవ్వుతూ తన చెయ్యి చాపింది. "ముందు నాకే పెట్టండి."

కాసేపు ఆగి చూశారు. దారం కట్టిన సీసాలోంచి చుక్క వేసిన చోట సుప్రజ చేతి మీద దోమ కుట్టినట్టు లేచింది. సారవ్వకు అంతకంటే పెద్దది. పోశవ్వ చేతి మీద రూపాయి బిళ్లంత దద్దురు, చుట్టూ ఎర్రగా పాకింది. రెండో చుక్క వేసిన చోట ముగ్గురికీ ఏమీ లేదు.

"నువ్వు గూడ చెయ్యి పెట్టు" అంది పోశవ్వ బిక్షంతో.

"నాకెందుకే?"

"అందరు బొగ్గు దుమ్మంటున్నరు గద. ఈడ అందరికన్న బొగ్గు ఎక్కువ తిన్నది నువ్వే."

ఇరవై ఏళ్లు బాయిలో పనిచేసిన ఆ చేతి మీద ఏ చుక్కకూ ఏమీ లేవలేదు. చర్మం నున్నగా ఉంది. బిక్షం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నన్ను పనిల పెట్టుకొమ్మను మీ కంపెనీని" అన్నాడు. సారవ్వ ఏడుపులోనే నవ్వింది. పోశవ్వ మాత్రం తన చేతిని చూసుకుంటూ, "దారం కట్టింది పొడి నీళ్లే" అంది డాక్టరుతో.

రాంప్రసాద్ ఒప్పుకోలేదు. చేతుల మీద దద్దుర్లు చూపించి ఫ్యాక్టరీ మూయిస్తారా అన్నాడు. ఇది ఉద్యమం వాళ్ల పని అన్నాడు. "మీరు వీళ్ల మాటల్లో పడుతున్నారు, సుప్రజా. ఆ బర్రె గొడవ మర్చిపోయారా?" అన్నాడు. సుప్రజ తన చెయ్యి బల్ల మీద పెట్టి చూపించింది. ప్యాకింగు గది ఇలాగే ఉన్నంతకాలం ఏ సరుకునూ తను పరీక్ష చేసి బయటికి పంపనని చెప్పింది. ఆ రోజు ఆరుగురు ఆడవాళ్లూ గది బయటే నిలబడ్డారు. వాళ్లలో ఇంకో ఇద్దరు అప్పుడు గానీ నోరు విప్పలేదు, తమకూ ఈల వస్తోందని.

చివరికి యజమానులు వచ్చారు. పొడి చేయడం ఆపేసి, ఎంజైమును నీళ్ల రూపంలోనే డబ్బాల్లో నింపి పంపుదామని నిర్ణయించారు. నీళ్లయితే గాల్లోకి లేవదు, మూత బిగిస్తే ఎవరి ఊపిరిలోకీ పోదు. ఆరబెట్టే యంత్రాన్ని విప్పేశారు. పాత గదిని తడిబట్టలతో, ముఖానికి గట్టి తొడుగులు పెట్టుకున్న మనుషులతో మూల మూలలా తుడిపించి మూసేశారు.

"మన కోసం చేసిండ్రంటవా?" అని పోశవ్వ సుప్రజను అడిగింది. "ఆరబెట్టుడు లేకపోతే బాయిలరుకు బొగ్గు మిగుల్తదని చేసిండ్రా?"

"రెండూ అక్కా" అంది సుప్రజ.

"నిజం చెప్పినవ్ బిడ్డా." ఆమె సుప్రజను మేడం అనకపోవడం నాకు తెలిసి అదే మొదలు.

పోశవ్వ మళ్లీ ఆ షెడ్డులో పనిచేయలేకపోయింది. ఒళ్లు ఒకసారి నేర్చుకున్న శత్రుత్వాన్ని మర్చిపోదని డాక్టరు ముందే చెప్పాడు. నీళ్ల డబ్బాలు నింపే చోటికి వెళ్లినా ఛాతీ పట్టేసేది. ఆమెకు గేటు దగ్గర పని ఇచ్చారు. వచ్చే నూకల లారీలను చూసి లోపలికి పంపడం. లారీ డ్రైవర్లకు ఆమె అంటే హడల్. ప్రతి సంచీలోనూ చెయ్యి పెట్టి చూసేది. సారవ్వ మందులు వాడుతూ తోటపనిలోకి మారింది. ఆమె దగ్గు పూర్తిగా పోలేదు గానీ, పరుగెత్తుకుని బాత్రూములోకి పోవాల్సిన అవసరం పోయింది.

రెండు వేల పద్నాలుగు జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఊరంతా రంగులు చల్లుకుంది. రాంప్రసాద్ గేటు దగ్గర మిఠాయి పంచుతూ, "ఇక మీ రాష్ట్రమే కదా పోశవ్వా. ఇప్పటికైనా అనుమానాలు తగ్గించు" అన్నాడు సరదాగా.

ఆమె లడ్డూ తీసుకుని వాసన చూసింది. "రాష్ట్రం వచ్చింది సారూ. లోపల కొత్త ట్యాంకు గూడ వస్తున్నదట గద. దాంట్ల ఏం పోస్తరు?" అంది.

మాంసం మెత్తబడే ఎంజైమో, పండ్లరసం తేటపరిచేదో, ఏదో కొత్తది చేయబోతున్నారు ఆ ఏడాది. దానికోసం కొత్తగా అమ్మాయిలను తీసుకున్నారు. నేను ఒకరోజు పోశవ్వను కలవడానికి వెళ్లినప్పుడు డ్యూటీ దిగే వేళయింది. అమ్మాయిలు ఒక్కొక్కరే గేటు దగ్గరికి వస్తున్నారు. పోశవ్వ వాళ్లను ఆపి అడుగుతోంది: "దమ్ము ఎట్లున్నది? ఇంటికాడ ఎట్లుంటది? సెలవు నాడు ఎట్లుంటది?"

"మంచిగనే ఉన్నది అవ్వా" అంది సహస్ర అనే సన్నటి పిల్ల, సంచి భుజానికి తగిలించుకుంటూ.

పోశవ్వ ఆ మాట వినిపించుకోలేదు. పిల్లను అటు తిప్పి, వీపు మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుంది. "గట్టిగ పీల్చు" అంది. బస్సు హారన్ కొడుతోంది. "ఇంకోపారి."